ఒళ్లు చేసిన చదువు

హాస్టల్ నుంచి వచ్చిన కొడుకు నాలుగు కిలోలు పెరిగి కనిపిస్తే ఏ తల్లికైనా సంబరమే. ఆకలి తెలిసిన ఇళ్లలో లావంటే కలిమి. కానీ ఆ నాలుగు కిలోలూ ఒంట్లో ఎక్కడ చేరాయి? ఉప్పుమడుల ఊరు నౌపడ నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్లల విషయంలో అసలు ప్రశ్న అదే!

దసరా సెలవులు. నౌపడ జంక్షన్‌లో గుణుపూర్ వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు ఆగుతుంది. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఉతకాల్సిన బట్టల సంచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు... ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఒక్కొక్కరే దిగుతారు. గడపలో కాలు పెట్టగానే నాయనమ్మల నోట వచ్చే మొదటి మాట మాత్రం ఇంచుమించు ఏ ఇంట్లో అయినా ఒకటే.

'ఏటిరా అయ్యా, ఒళ్లు సేసినావు! అక్కడ తిండి బాగుందేటి?'

ఆ మాటలో ఎంత తృప్తి! తెలుగులో ఈ విషయానికి మూడు మాటలున్నాయి. 'చిక్కిపోయావు' అంటే దిగులు. 'లావెక్కావు' అంటే కాస్త వేళాకోళం. 'ఒళ్లు చేశావు' అంటే మాత్రం మెచ్చుకోలే. పొలం చేసినట్టు, వ్యాపారం చేసినట్టు, ఒళ్లు కూడా చేసి సంపాదించుకున్నదే అన్నమాట. మూడు పూటలా అన్నం దొరకడమే గొప్పగా బతికిన తరాలు ఆ మాటను పుట్టించాయి. అందులో తప్పు పట్టడానికేం లేదు.

చిక్కేమిటంటే, ఆ మాట అన్న నాయనమ్మకు కనిపించేది బుగ్గలు. డాక్టర్లు భయపడేది పొట్ట. ఈ రెంటి మధ్యా ఉన్న దూరమే ఉత్తరాంధ్రలో మొదటితరం యూనివర్సిటీ పిల్లల ఆరోగ్యాన్ని తేలుస్తుంది.

తండ్రి కంచం, కొడుకు కంచం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉంది నౌపడ. ఊరి పేరు చెబితే రెండే గుర్తొస్తాయి. ఒకటి రైలు, రెండు ఉప్పు. ఎండాకాలం వస్తే కనుచూపు మేర తెల్లటి మడులు, వాటి మధ్య ఉప్పు కుప్పలు. ఉప్పునీటిని మడుల్లోకి పెట్టాలి. ఎండకు తేరిన ఉప్పును లాగి కుప్ప చెయ్యాలి. గంపలకెత్తి గట్టుకు చేర్చాలి. పైన ఎండ, కింద ఉప్పునీరు, నెత్తిన బరువు. వ్యాయామం అన్న మాట అక్కడెవరూ వాడరు. ఆ అవసరం ఉంటే కదా!

అలాంటి పని చేసే మనిషికి రోజుకు ఎంత తిండి కావాలి? దీనికి లెక్క ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (మనవాళ్లకు ఎన్ఐఎన్‌గానే పరిచయం) 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయుడి కంచంలో ఏముండాలో లెక్కగట్టడమే దాని పని. 2020లో ఆ సంస్థ సవరించిన లెక్కల ప్రకారం, 65 కిలోల మగవాడు రోజంతా ఒళ్లు వంచి కష్టం చేస్తే అతనికి 3470 కేలరీలు కావాలి. అదే మనిషి కుర్చీలో కూర్చుని చేసే పనికి 2110 చాలు.

తేడా 1360 కేలరీలు. బియ్యంలోకి మారిస్తే దాదాపు 400 గ్రాములు!

నౌపడ కుర్రాడు క్లాసురూముకెళ్లిన రోజునే ఈ 400 గ్రాముల బియ్యం అతని కంచంలోంచి తగ్గాలి. తగ్గుతుందా? తగ్గదు. ఎందుకంటే కంచం ఎంత ఎత్తు ఉండాలో పిల్లలు నేర్చుకునేది తండ్రి పక్కన కూర్చుని. చిన్నప్పుడు చూసిన అన్నం కుప్పే కళ్లకు కొలత. హాస్టల్ మెస్‌లో ఆ కొలతకు అడ్డు కూడా ఉండదు. మామూలుగా మెస్‌ల పద్ధతి అందరికీ తెలిసిందే. అన్నం ఎంతైనా పెట్టించుకోవచ్చు, కూర ఒక్క గరిటె. గుడ్డు వారానికి ఇన్ని అని లెక్క. సాంబారుకు హద్దు లేదు కానీ అందులో పప్పు వెతుక్కోవాలి. ఆకలి తీరేదాకా తినాలంటే ఆ కుర్రాడికి దారి ఒక్కటే... ఇంకో గరిటెడు అన్నం.

ఇది ఒక్క హాస్టళ్ల గొడవ కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2025లో వెలువడ్డాయి. మనవాళ్లు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. మాంసకృత్తులు అడుగున ఉన్నాయి. తండ్రి తిన్నదీ అన్నమే. కాకపోతే అది మధ్యాహ్నానికి చెమటై మడిలోనే కారిపోయేది.

రైలు పట్టాల వెంట చదువు

ఇంతకీ ఇంతమంది పిల్లలు హాస్టళ్లకు ఎలా చేరారు? ఈ కథలో మంచి భాగం ఇదే.

పర్లాకిమిడి రాజులు వేయించిన చిన్నరైలు 1900లో నౌపడ నుంచే బయల్దేరింది. మొదట పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపూర్ దాకా సాగింది. పక్కన గట్టిగా నడిచేవాడు దాన్ని దాటేస్తాడేమో అనిపించేంత నెమ్మది. ధాన్యం, ఉప్పు, సంతకెళ్లే జనం... అదే దాని బరువు. 2004లో ఆ నారోగేజీ రైలు ఆగిపోయింది. 2011 నాటికి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజీ వచ్చింది. ఈలోగా ఆ దారి పొడవునా చదువులు మొలిచాయి. నౌపడ దాటగానే టెక్కలిలో 2001లోనే ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. పర్లాకిమిడిలో సెంచూరియన్ యూనివర్సిటీ, ఆ చివర గుణుపూర్‌లో జీఐఈటీ. ఇటు దక్షిణంగా వెళ్తే ఎచ్చెర్లలో 2008లో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ యూనివర్సిటీ, ఆపైన 2016లో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని కూలీల పిల్లలకు కూడా ఆ గేట్లు తెరుచుకున్నాయి. ఒకప్పుడు ఉప్పు మోసిన దారి ఇప్పుడు పిల్లల్ని మోస్తోంది.

ట్రిపుల్ ఐటీ సంగతి ప్రత్యేకం. పదో తరగతి కాగానే చేరతారు. ఆరేళ్లు అక్కడే. అంటే పదిహేను, పదహారేళ్లకు ఇల్లు వదిలిన పిల్ల ఇరవై ఒకటో ఏట బయటికొస్తుంది. ఎముక గట్టిపడేదీ, తిండి అలవాట్లు కుదురుకునేదీ, నిద్ర వేళలు స్థిరపడేదీ ఆ ఆరేళ్లలోనే. అమ్మ చూడని ఆరేళ్లు!

చదువు వచ్చింది. నడక పోయింది. ఒకప్పుడు హైస్కూలుకు వెళ్లాలంటే గట్ల మీదుగా ఊరు దాటాల్సిందే. ఇప్పుడు ఇంటి ముందు ఆటో, వీధి చివర కాలేజీ బస్సు, క్యాంపస్‌లో హాస్టల్ నుంచి క్లాసుకు నాలుగొందల అడుగులు. సాయంత్రం ఆడుకునే వేళకు ల్యాబ్ రికార్డులు, కోడింగ్ క్లాసులు. ఇంటర్లో ఉన్న రెండేళ్లూ మైదానం మొహమే చూడనివ్వని కార్పొరేట్ చదువు సరేసరి. ఆట మర్చిపోయిన పిల్లాణ్ని యూనివర్సిటీలో ఎంత పెద్ద గ్రౌండు ముందు నిలబెట్టినా గ్యాలరీలో కూర్చుంటాడు.

ఆటలు తెలియని గడ్డ కూడా కాదిది. కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడిది వీరఘట్టం. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఈ జిల్లాయే. బరువు మీద ఎవరికీ పేచీ లేదు. అది కండగా ఉందా, కొవ్వుగా ఉందా అన్నదే మాట.

దేశం మొత్తం తీరూ ఇలాగే ఉంది. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, ఒంటికి చాలినంత కదలిక లేని పెద్దవాళ్లు మనదేశంలో 2000లో 22 శాతం ఉంటే, 2022కి అది 49 శాతం దాటింది. చాలినంత అంటే ఎంతో పెద్దదనుకునేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది వారానికి రెండున్నర గంటల చురుకైన నడక!

రాత్రి పదకొండు తర్వాత

మెస్‌లో రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా అయిపోతుంది. కుర్రాళ్లు పడుకునేది ఒంటిగంటకు. మధ్యలో అయిదు గంటలు. అసలు కథంతా అక్కడే నడుస్తుంది.

పదకొండింటికి ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్లు మరుగుతాయి. నూడుల్స్ ప్యాకెట్లు రెండు తెగుతాయి. లేదంటే గేటు బయట ఫాస్ట్‌ఫుడ్ బండి. ఎగ్ ఫ్రైడ్‌రైస్, మంచూరియా, నలుగురు కలిస్తే ఒక పెద్ద కూల్‌డ్రింక్. పరీక్షలైతే చేతికొక ఎనర్జీ డ్రింకు. ఫోన్లో రీల్స్ ఒకదాని తర్వాత ఒకటి దొర్లుతుంటాయి. పొద్దున్న లేచేసరికి టిఫిన్ వేళ దాటిపోతుంది. పదింటికి క్యాంటీన్‌లో రెండు సమోసాలు, టీ.

'చదువుకునే పిల్లలు, ఆకలేస్తుంది కదా' అంటారు అమ్మలు. ఆకలేస్తుంది, నిజమే. కానీ ఎందుకేస్తుంది? అమెరికాలో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఇరవై రెండేళ్లకు అటూ ఇటూ ఉన్న పన్నెండు మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను తీసుకుని రెండు రాత్రుల పాటు నాలుగు గంటలే నిద్రపోనిచ్చారు. మరో విడతలో పది గంటలు పడుకోబెట్టారు. 2004లో ఫలితాలు ప్రకటించారు. నిద్ర తగ్గినప్పుడు 'ఇక చాలు' అని చెప్పే లెప్టిన్ హార్మోను 18 శాతం తగ్గింది. 'ఇంకా కావాలి' అనే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి 24 శాతం ఎక్కువైంది. అదీ దేనిమీద? తీపి, ఉప్పు, పిండి వంటకాల మీద. ఆ కుర్రాళ్లేం పరుగులు తీయలేదు, బరువులు మోయలేదు. మెలకువగా ఉన్నారంతే. పన్నెండు మందితో చేసిన చిన్న పరీక్షే కావచ్చు. కానీ అర్ధరాత్రి హాస్టల్ వరండాలో నిలబడి చూసిన వాళ్లెవరికీ అది వింతగా తోచదు.

పావు లీటరు కూల్‌డ్రింక్ సీసాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి 20 నుంచి 25 గ్రాములు దాటొద్దంటుంది ఎన్ఐఎన్. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. తర్వాత తాగే మూడు టీలూ అప్పు కిందే లెక్క.

ఇక ఉప్పు. ఉప్పు పండించే ఊరి పిల్లలకు ఉప్పు గురించి చెప్పడం తాతకు దగ్గు నేర్పడమే. కానీ ఇక్కడా అదే తండ్రీ కొడుకుల తేడా. మడిలో దిగిన మనిషి ఒంట్లోంచి చెమటతో ఉప్పు పోతుంది. అందుకే అతని అంబలిలో ఉప్పు పడాల్సిందే. ఫ్యాను కింద కూర్చున్న కొడుకు ఒంట్లోంచి ఏం పోతుంది? నూడుల్స్ ప్యాకెట్ ఒక్కోదానిలో రెండు గ్రాములకు అటూ ఇటూ ఉప్పు ఉంటుంది. చిప్స్, ఊరగాయ, మంచూరియాలో సాస్ దానికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. మన దేశంలో పెద్దవాళ్లు సగటున 8 గ్రాములు తింటున్నారని 2023లో వచ్చిన జాతీయ సర్వే ఫలితాలు చెప్పాయి. నాన్న పండించిన దాంట్లో కొంత ప్యాకెట్లో చేరి కొడుకు దగ్గరికి తిరిగొస్తోందన్నమాట.

కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఒళ్లు రావడం మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నదే. అమెరికాలో దీనికి 'ఫ్రెష్‌మన్ ఫిఫ్టీన్' అని పేరు కూడా పెట్టేశారు. తొలి ఏడాదిలో పదిహేను పౌన్లు, అంటే దాదాపు ఏడు కిలోలు పెరుగుతారని. నిజానికి అది కాస్త గోరంతను కొండంత చేయడమే. చాలా అధ్యయనాలను కలిపి 2015లో చూస్తే, సగటున పెరిగింది కిలోన్నర లోపే. కాకపోతే పెరిగిన వాళ్లను మాత్రమే లెక్కేస్తే మూడున్నర కిలోల దాకా వచ్చింది. కిలోన్నరేనా అని తీసిపారేయకండి. మన పిల్లల విషయంలో ఆ కిలోన్నర వేరేలా పనిచేస్తుంది.

ఇద్దరు డాక్టర్లు... ఒక ఫొటో

2004లో 'లాన్సెట్' పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణేలోని కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా ఒకటే... 22.3. మరి ఒంట్లో కొవ్వు? యుడ్‌కిన్‌కు 9.1 శాతం. యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

తూకం మిషను ముందు ఇద్దరూ సమానమే. లోపల చూస్తే రెండింతలకు పైగా తేడా. భారతీయుల్లో సన్నగా కనిపించే వాళ్లకూ మధుమేహం ఎందుకొస్తోందో ఆ ఒక్క ఫొటో విప్పి చెప్పింది. చేతులు, కాళ్లు పుల్లల్లా ఉంటాయి. కండ తక్కువ. ఉన్న కొవ్వంతా పొట్టలో, పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. 'సన్నపు లావు' అనుకోవచ్చు. యాజ్ఞిక్ బృందం పుణే చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులనూ వాళ్ల పిల్లలనూ ఏళ్ల తరబడి గమనించింది. అక్కడ తక్కువ బరువుతో పుట్టిన పసికందుల్లోనూ ఇదే తీరు కనిపించింది. కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు.

తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలి పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా లెక్క చెబుతుందా? చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో కరవొచ్చింది. ఆ రోజుల్లో పుట్టిన మగపిల్లలకు పంతొమ్మిదేళ్లు వచ్చి సైన్యం పరీక్షలకు హాజరైనప్పుడు మూడు లక్షల మంది రికార్డులు తీసి చూశారు. 1976లో ఆ ఫలితం వెలువడింది. తల్లి గర్భంలో మొదటి సగంలో ఆకలి తగిలిన వాళ్లలో ఊబకాయం ఎక్కువగా ఉంది. చివరి నెలల్లో తగిలిన వాళ్లలో తక్కువగా ఉంది. పంతొమ్మిదేళ్లంటే... మన లెక్కలో ఇంజినీరింగ్ రెండో ఏడాది.

ఇప్పుడు నౌపడ ఇంటికి తిరిగొద్దాం. నెలలు నిండేదాకా ఎండలో పనిచేసిన తల్లి. చాలీచాలని తిండి. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ. పదిహేనేళ్ల దాకా ఎముకల గూడులా పెరిగి, పదహారో ఏట హాస్టల్‌లో చేరి, ఒక్కసారిగా అన్నం, నూనె, చక్కెర, నిద్రలేమి. కలిగిన ఇంట్లో పుట్టి మొదట్నుంచీ బొద్దుగా పెరిగిన పిల్లాడి కన్నా ఇతనికే ముప్పు ఎక్కువ. అయినా అతణ్ని లావన్న వాళ్లెవరూ ఉండరు. 'ఇప్పుడే కాస్త మనిషిలా అయ్యాడు' అంటారు!

టేపు చెప్పే మాట

బీఎంఐ లెక్క తేలికే. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తుతో మీటర్లలో రెండుసార్లు భాగించడమే. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మనవాళ్ల ఒంటి తీరు చూసి 2009లో మన డాక్టర్లు ఆ గీతల్ని కిందికి దించారు. 23 దాటితే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం. అయిదడుగుల ఏడంగుళాల కుర్రాడు 67 కిలోలకు చేరాడంటే మొదటి గీత దాటాడు. 72 దాటితే రెండోది. 72 కిలోల కుర్రాణ్ని మన ఊళ్లో ఎవరైనా ఊబకాయుడంటారా? 2025 జనవరిలో భారతీయ నిపుణులు ఈ పద్ధతిని మళ్లీ సవరించి, బీఎంఐ ఒక్కటే చూస్తే చాలదు, పొట్ట చుట్టుకొలత కూడా తీయాల్సిందే అన్నారు.

ఎందుకన్నారో దేశ లెక్కలు చూస్తే అర్థమవుతుంది. 2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ సర్వేలో బీఎంఐ ప్రకారం ఊబకాయులు 28.6 శాతం. పొట్ట కొలత ప్రకారం చూస్తే 39.5 శాతం. అంటే ప్రతి పది మందిలో ఒకరు తూకానికి దొరకకుండా టేపుకు దొరుకుతున్నారు. ఆ సర్వేలోనే దేశంలో మధుమేహులు పది కోట్ల పైన ఉన్నారని తేలింది. దాని అంచున నిలబడ్డ వాళ్లు మరో పదమూడున్నర కోట్ల మంది.

మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అదీ గీత. ఇంకా సులువుగా కావాలంటే, నడుం కొలత ఎత్తులో సగం దాటకూడదు. కొలిచేదీ తెలిసి కొలవాలి. 'నాది ముప్పై రెండు సైజు జీన్సు' అంటే కుదరదు. కుర్రాళ్లు జీన్సు కట్టేది పొట్ట కింద! చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా టేపు పెట్టాలి. ఈ ఆఖరి షరతు దగ్గరే చాలామంది దొంగాట ఆడతారు.

ఆడపిల్లల సంగతి ఇంకా చిక్కు. హాస్టల్ గేటు సాయంత్రమే మూసేస్తారు. గ్రౌండు అబ్బాయిలది. నడవాలంటే వరండాయే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువు ఉన్నవాళ్లు, అదీ పాత 25 గీత ప్రకారం. దేశ సగటు 24. ఇదే సర్వే ఇదే రాష్ట్రంలో 58.8 శాతం మంది మహిళలకు రక్తహీనత ఉందని కూడా చెప్పింది. లావుగా ఉంది కాబట్టి బలంగా ఉందనుకుంటే పొరపాటు. పొట్ట పెరిగిన పిల్లకే రక్తం లేకపోవచ్చు. టిఫిన్ మానేసి, మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టి, సాయంత్రం పానీపూరీతో కడుపు నింపుకునే పిల్లకు ఆ రెండూ కలిసే వస్తాయి. నెలసరి తప్పుతోందని డాక్టరు దగ్గరికి వెళ్తేగానీ బరువు మాట బయటికి రాదు.

నౌపడ వాళ్లకు ఇంకో భయం కూడా ఉంది. పక్కనే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఇళ్లను దశాబ్దాలుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. దాన్ని ఊబకాయానికి ముడిపెట్టడం తప్పు. ఉద్దానం రోగుల్లో చాలామంది ఒళ్లొంచి పనిచేసిన వాళ్లే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. అయితే ప్రపంచమంతటా కిడ్నీలను దెబ్బతీసే వాటిలో ముందు వరుసలో ఉన్నవి మధుమేహం, రక్తపోటు. తెలియని కారణంతోనే అల్లాడుతున్న జిల్లాలో, తెలిసిన కారణం ఇరవై ఏళ్ల పిల్లల్లోకి ఎక్కుతోంది.

ఎవరి చేతిలో ఏముంది?

క్యాంపస్‌లలో జంక్‌ఫుడ్ అమ్మొద్దని యూజీసీ 2016లోనే యూనివర్సిటీలకు చెప్పింది. 2018లో మళ్లీ గుర్తుచేసింది. రెండోసారి చెప్పాల్సి వచ్చిందంటేనే మొదటిసారి ఏమైందో ఊహించుకోవచ్చు. క్యాంటీన్‌లో ఆపితే గేటు బయట బండి ఉండనే ఉంది. పిల్లాడికి రాత్రి పదకొండింటికి ఆకలేస్తే తినడానికి వేరే ఏముందన్నది ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు. రాత్రి భోజనం కాస్త ఆలస్యంగా పెట్టినా, పదింటికి ఉడికించిన శనగలో, అరటిపండో, మజ్జిగో దొరికేలా చేసినా నూడుల్స్ ప్యాకెట్లు సగం తగ్గుతాయి. మెస్ కమిటీల్లో విద్యార్థులు కూడా ఉంటారు. మెనూలో ఆదివారం బిర్యానీ గురించి గంటలు గంటలు కొట్లాడే ఆ కమిటీ, అన్నం గరిటె తగ్గించి పప్పు గరిటె పెంచమని ఒక్కసారి అడిగి చూడొచ్చు. ఎన్ఐఎన్ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ దాదాపు అదే. కంచంలో సగం కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు. మిగతా సగంలోనే అన్నం, పప్పు, గుడ్డు.

ఇంటి దగ్గర చేయగలిగింది తక్కువేం కాదు. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడి అంబలి ఇంకా బతికే ఉంది. చోళ్లు తింటే చిక్కిపోతారని ఈమధ్య ప్రచారం. అదేం లేదు. కేలరీలు బియ్యానికి కాస్త తక్కువంతే. కానీ పీచు ఎక్కువ. కాల్షియం వంద గ్రాములకు 360 మిల్లీగ్రాములు దాటుతుంది. బియ్యంలో అది పదికి లోపే. పొద్దున్నే గిన్నెడు అంబలి, పక్కన ఉల్లిపాయ, ఒక ఉడకబెట్టిన గుడ్డు... పదింటి సమోసా మీదికి మనసు పోదు. హాస్టల్ కెటిల్‌లో నూడుల్స్ ఉడికినప్పుడు అంబలి కాగదా? చోడిపిండిని చన్నీళ్లలో కలిపి మరుగుతున్న నీళ్లలో పొయ్యడమే. అడుగంటకుండా తిప్పే ఓపిక ఉండాలంతే.

పిల్లాణ్ని నలుగురిలో 'పొట్టోడా' అనడం మాత్రం వద్దు. ఆ మాట పడ్డవాడు తినడం మానడు, అందరి ముందు తినడం మానేస్తాడు. ఒక్కపూట తిండి మానేసి మర్నాడు రెండింతలు తినే తంతు అక్కడే మొదలవుతుంది. వాట్సాప్‌లో తిరిగే నెలకు పది కిలోల డైట్లదీ అదే దారి. ఇరవై ఏళ్ల ఒంటికి ఒక సౌలభ్యం ఉంది. చెప్పిన మాట త్వరగా వింటుంది. రోజూ గంట ముందు పడుకుని, సాయంత్రం ముప్పావు గంట షటిల్ ఆడి, కూల్‌డ్రింక్ సీసా పక్కన పెడితే సెమిస్టరు తిరిగేసరికి తూకం కదలకపోయినా టేపు కదులుతుంది. కొవ్వు పోయిన చోట కండ వస్తే బరువు తగ్గదు మరి. తూకం చూసి నిరాశపడి మానేసేవాళ్లే ఎక్కువ. అందుకే టేపు కావాలి. అది కుట్టుమిషను ఉన్న ఏ ఇంట్లోనైనా ఉంటుంది.

సెలవులు అయిపోతాయి. మళ్లీ స్టేషను, మళ్లీ సంచి. ఉతికిన బట్టల మీద అమ్మ సర్దిన అరిసెల డబ్బా, జంతికలు, పలాస జీడిపప్పు, ఆవకాయ సీసా. ఈసారి వాటి కింద చోడిపిండి పొట్లం కూడా ఒకటి చేరిందా లేదా అన్నది ఆ కుర్రాడికి హాస్టల్‌కు వెళ్లి సంచి విప్పితేగానీ తెలియదు. గుణుపూర్ బండి కదులుతుంది. టెక్కలి రాకముందే మొదటి డబ్బా మూత తెరుచుకుంటుంది.